కారణం దొరికింది, మరి మందు?

"ఈ యాంటీఆక్సిడెంట్ పౌడర్ తాగితే షుగర్ వల్ల దెబ్బతిన్న కిడ్నీలు బాగవుతాయి" అని వాట్సాప్‌లో ఫార్వర్డ్‌లు వస్తుంటాయి కదా. సైంటిస్టులు ఆ దారిలో నిజంగానే వెళ్లి చూశారు. ఏం జరిగిందో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను.

1936లో అమెరికాలోని బోస్టన్‌లో పాల్ కిమ్మెల్‌స్టీల్, క్లిఫర్డ్ విల్సన్ అనే ఇద్దరు డాక్టర్లు, చనిపోయిన కొందరి కిడ్నీలను మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. రక్తాన్ని వడకట్టే చోట గుండ్రటి గడ్డల్లాంటివి కనిపించాయి. ఆ మనుషుల్లో ఎక్కువమందికి షుగర్ ఉంది.

అసలు ఆ నష్టం ఎలా మొదలవుతుంది? 2001లో మైకేల్ బ్రౌన్‌లీ ఒక వివరణ ఇచ్చారు. గ్లూకోజ్ ఎక్కువైతే కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా నుంచి సూపర్ఆక్సైడ్ అనే పదార్థం అతిగా పుడుతుంది. అది కణాన్ని లోపలి నుంచి దెబ్బతీస్తుంది. దీన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. దెబ్బతిన్న కణాలు ప్రమాద సంకేతాలు పంపిస్తాయి, తెల్ల రక్తకణాలు అక్కడికి చేరతాయి, ఇన్‌ఫ్లమేషన్ మొదలవుతుంది. అది మళ్లీ ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ని పెంచుతుంది. ఇలా ఏళ్ల తరబడి తిరిగితే వడపోత భాగం మచ్చకట్టిపోతుంది.

మరి దీన్ని ఆపే మందు ఇస్తే సరిపోతుంది కదా? బార్డాక్సోలోన్ అనే మందు అలాంటిదే. శరీరంలో సహజంగా ఉండే యాంటీఆక్సిడెంట్ వ్యవస్థను అది ఆన్ చేస్తుంది. 2011లో వచ్చిన ఫలితాల్లో కిడ్నీ రీడింగులు మెరుగయ్యాయి. అందరికీ ఆశ పుట్టింది. తర్వాత 2,185 మందితో పెద్ద ట్రయల్ పెట్టారు. 2012లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. మందు వాడినవాళ్లలో 96 మంది గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడమో చనిపోవడమో జరిగింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో ఆ సంఖ్య 55.

"పోనీ, విటమిన్లేగా, ఏమవుతుందిలే" అంటారా? కెనడాలో 238 మంది షుగర్ కిడ్నీ పేషెంట్లతో ట్రయల్ చేస్తే, ఎక్కువ డోసులో బి విటమిన్లు వాడినవాళ్ల కిడ్నీలే ఇంకా వేగంగా తగ్గాయి. అది 2010 నాటి మాట.

పనిచేసిన మందులు వేరే దారుల్లో వచ్చాయి. 1993లో కాప్టోప్రిల్ అనే బీపీ మాత్ర, 2019లో గ్లూకోజ్‌ని మూత్రంలోకి పంపే కానాగ్లిఫ్లోజిన్, 2020లో ఫినెరినోన్. ఈ మూడూ పెద్ద ట్రయల్స్‌లో కిడ్నీ జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేశాయి. ఫినెరినోన్ ఇన్‌ఫ్లమేషన్‌నీ, మచ్చకట్టడాన్నీ తగ్గిస్తుందని భావిస్తున్నారు. అంటే ఆ కారణం తప్పు కాదు. కానీ కారణం తెలిసినంత మాత్రాన ఏ పౌడరూ మందైపోదు, మనుషుల మీద పరీక్షించి తేల్చుకోవాల్సిందే.

ఫ్రెండ్స్, ఈ జబ్బు మొదట్లో నొప్పి ఉండదు. మీ ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ టెస్టులు చేయించారా అని ఈ రోజే అడగండి. ఫార్వర్డ్ చూసి డాక్టర్ ఇచ్చిన మాత్రలు మాత్రం ఆపనివ్వకండి. మళ్లీ కలుద్దాం.