మొదటి తుపాకీ ఎప్పుడూ చిన్నదే ఎందుకు? పాయింట్ టూ టూ కథ

ఈరోజు టాపిక్ తుపాకీలు. యుద్ధాలు, రాజులు, విప్లవాలు కాదు. చాలా మామూలు ప్రశ్న ఒకటి: ఇప్పటిదాకా తుపాకీ ముట్టుకోని మనిషి చేతికి మొదట ఏ తుపాకీ ఇవ్వాలి?

నాతో బీటెక్ చదివిన ఫ్రెండ్ ఒకడు టెక్సస్‌లో ఉంటాడు. వాడి ఆఫీసులో సగం మంది వీకెండ్ షూటింగ్ రేంజ్‌కి, సీజన్ వస్తే జింకల వేటకి వెళ్తారట. "ఒరేయ్, నేనూ నేర్చుకుందామనుకుంటున్నా, ఏది కొనమంటావ్?" అన్నాడు. నాకేం తెలుసు చెప్పండి? నేను పేల్చింది తిరనాళ్లలో బెలూన్లు కొట్టే ఎయిర్ గన్ ఒక్కటే. కానీ ఆ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే వెనకాల నూట డెబ్బై ఏళ్లకు పైబడిన చరిత్ర కనిపించింది. అందులో ఒక విషయం మళ్లీ మళ్లీ వస్తుంది. నేర్పడం వచ్చినవాళ్లు మొదట చిన్న తుపాకీయే ఇచ్చారు. షాపులో పెద్దది ఎంత అందంగా ఉన్నా సరే.

కథ ప్యారిస్‌లో మొదలవుతుంది. అప్పట్లో తుపాకీ పేల్చాలంటే పెద్ద తతంగం. గొట్టంలో మందు పోయాలి, సీసపు గుండు దట్టించాలి, వెనకాల చిన్న రాగి క్యాప్ పెట్టాలి. సుత్తి ఆ క్యాప్ మీద పడితే నిప్పురవ్వ పుట్టి లోపలి మందు అంటుకుంటుంది. 1845లో ఫ్లోబేర్ అనే తుపాకీల తయారీదారు ఒక సింపుల్ పని చేశాడు. వేరే మందు ఏమీ లేకుండా ఆ క్యాప్ మూతి మీదే బుల్లి గుండు కూర్చాడు. క్యాప్‌లో ఉన్న ఆ కాస్త పదార్థమే గుండుని తోస్తుంది. శబ్దం తక్కువ, పొగ తక్కువ. డబ్బున్నవాళ్లు ఇంటి హాల్లో గోడకి టార్గెట్ పెట్టుకుని సరదాగా కాల్చుకునేవాళ్లు. వీటికి "పార్లర్ గన్" అని పేరు కూడా వచ్చింది.

ఆ ఐడియా అట్లాంటిక్ దాటింది. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ తన మొదటి రివాల్వర్ కోసం .22 షార్ట్ అనే తూటా తెచ్చింది. తర్వాత 1887లో స్టీవెన్స్ కంపెనీ దాన్ని పొడిగించి .22 లాంగ్ రైఫిల్ చేసింది. ఇక్కడ .22 అంటే అంగుళంలో వందకి 22 వంతులు, అంటే దాదాపు ఐదున్నర మిల్లీమీటర్ల వెడల్పు. గుండు బరువు రెండున్నర గ్రాముల చిల్లర. 1887 నాటి ఆ తూటా ఇవాళ్టికీ షాపుల్లో దొరుకుతుంది. మన ఫీల్డ్‌లో పదేళ్ల కిందటి సాఫ్ట్‌వేర్‌నే ఎవరూ ముట్టుకోరు, ఇది నూట ముప్పై ఏళ్లు దాటినా నడుస్తోంది.

ఎందుకు నడుస్తోంది? కారణం మన శరీరంలోనే ఉంది. న్యూటన్ మూడో సూత్రం ఇంటర్‌లో బట్టీ పట్టాం కదా, గుండు ముందుకి పోతే తుపాకీ వెనక్కి తంతుంది. 1906లో అమెరికా సైన్యం తీసుకున్న .30-06 తూటా శక్తి సుమారు 3,800 జూళ్లు. .22 లాంగ్ రైఫిల్‌ది 190 దరిదాపు. ఇరవై రెట్లు తేడా! పెద్దది మొదటిసారి పేల్చినప్పుడు చెవిలో మోత, భుజం మీద గుద్దు. మెదడు ఆ ఒక్క గుద్దుతోనే పాఠం నేర్చేసుకుంటుంది. రెండోసారి ట్రిగ్గర్ నొక్కబోతుంటేనే కళ్లు మూసుకుపోతాయి, భుజం బిగుసుకుంటుంది, గొట్టం కిందికి వాలుతుంది. షూటర్లు దీన్ని "ఫ్లించ్" అంటారు. మన మాటల్లో ఉలికిపాటు.

దీన్ని పట్టుకోవడానికి కోచ్‌లు ఒక ట్రిక్ వాడతారు. నేర్చుకునేవాడికి తెలియకుండా అసలు తూటాల మధ్యలో ఒక ఉత్తుత్తి తూటా పెడతారు. వాడు ట్రిగ్గర్ నొక్కుతాడు, తుపాకీ పేలదు, కానీ గొట్టం మాత్రం టక్కున కిందికి వంగుతుంది. పేలనే లేదు, మరి ఎవరు వంచారు? భయం వంచింది. ఈ అలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. .22 తన్నదు కాబట్టి ఆ అలవాటు మొదలయ్యే అవకాశమే తక్కువ.

ఈ సంగతి సైన్యాలు కూడా దెబ్బ తిన్నాకే గ్రహించాయి. అమెరికా అంతర్యుద్ధంలో సైనికుల గురి ఎంత ఘోరంగా ఉందో చూసిన ఇద్దరు మాజీ అధికారులు, విలియం చర్చ్, జార్జ్ వింగేట్, 1871లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పెట్టారు. ఇవాళ రాజకీయాల్లో వినిపించే ఎన్ఆర్ఏ అదే. పుట్టింది మాత్రం జనానికి గురి నేర్పించడానికి.

బ్రిటన్‌కి బోయర్ యుద్ధంలో తెలిసొచ్చింది. 1899 నుంచి 1902 దాకా దక్షిణాఫ్రికాలో జరిగిన ఆ యుద్ధంలో చిన్నప్పటి నుంచి వేటాడి పెరిగిన రైతులు దూరం నుంచే బ్రిటిష్ సైనికులను పడగొట్టారు. అక్కడ సైన్యాన్ని నడిపించినవారిలో లార్డ్ రాబర్ట్స్ ఒకరు. అంతకుముందు 1880లలో ఆయన మన మద్రాసు సైన్యానికి సేనాధిపతి. యుద్ధం నుంచి వచ్చాక మామూలు కార్మికులు, గుమాస్తాలు కూడా గురి నేర్చుకోవాలని పట్టుబట్టారు. కానీ లండన్ మధ్యలో యుద్ధ రైఫిల్ పేల్చగలరా? అంత పొడవైన మైదానం ఎక్కడుంది, అన్ని తూటాలకి డబ్బెక్కడిది? జవాబు మళ్లీ .22. దాన్ని "మినియేచర్ రైఫిల్" అన్నారు. నేలమాళిగల్లో, స్కూలు హాళ్లలో, ఫ్యాక్టరీ షెడ్లలో క్లబ్బులు వెలిశాయి. ఫ్లోబేర్ హాల్లో మొదలైన ఆట దేశ రక్షణ ప్లాన్‌లో భాగమైపోయింది.

ఇదే టైమ్‌లో అమెరికా కంపెనీలు ఇంకో కస్టమర్‌ని కనిపెట్టాయి: పల్లెటూరి పిల్లాడు. 1900లో వించెస్టర్ కంపెనీ ప్రసిద్ధ డిజైనర్ జాన్ బ్రౌనింగ్ గీసిన ఒక తేలికపాటి .22 అమ్మకానికి పెట్టింది. ఒక్క తూటా పెట్టాలి, పేల్చాలి, మళ్లీ పెట్టాలి. చౌక. మిషిగన్‌లో డెయిజీ కథ ఇంకా మజాగా ఉంటుంది. అది మొదట ఇనప గాలిమరలు చేసే కంపెనీ. 1880లలో గాలిమర కొన్న రైతుకి ఒక ఎయిర్ గన్ ఫ్రీగా ఇచ్చారు. జనం గాలిమర వద్దు, గన్ కావాలన్నారు. 1895కల్లా కంపెనీ పేరే డెయిజీగా మారిపోయింది.

కానీ ఇక్కడే అసలు ప్రమాదం మొదలైంది. చిన్నది, చౌకది, పిల్లలది అని అమ్మేసరికి జనం దాన్ని బొమ్మ అనుకున్నారు. .22 తూటా తగలకుండా పోతే మైలు దాటి పోగలదు. ఆ హెచ్చరిక తూటాల డబ్బా మీదే ఉంటుంది. నీళ్ల మీద, బండ మీద పడితే దారి మార్చి ఎటో ఎగురుతుంది. అది భుజాన్ని తన్నదు, అంతే. మనిషిని చంపగలదు. అందుకే మంచి టీచర్లు చిన్న తుపాకీతో పాటు కొన్ని రూల్స్ కూడా ఇచ్చారు. అమెరికన్ మెరీన్ మాజీ అధికారి జెఫ్ కూపర్ వాటిని నాలుగు ముక్కల్లో పాపులర్ చేశాడు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో. నాశనం చేయకూడని దానివైపు గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు. టార్గెట్ ఏంటో, దాని వెనక ఏముందో చూసుకో.

సరే, గురి నేర్చుకున్నాం. వేటకి వెళ్లాలంటే? అక్కడ లెక్క మారుతుంది. కుందేలు, ఉడుతల దాకా .22 సరిపోతుంది. జింకకి అది చాలదు, గాయపడి పారిపోయి ఎక్కడో నరకం అనుభవిస్తూ చస్తుంది. అందుకే చాలా రాష్ట్రాల చట్టాలు జింక మీద .22 వాడనివ్వవు. అలాగని కొత్తవాడికి భారీ రైఫిల్ ఇస్తే ఉలికిపాటుతో గురి తప్పి మళ్లీ అదే గాయం. మధ్యే మార్గంగా 1955లో .243 వించెస్టర్ అనే తూటా వచ్చింది. తన్నుడు తక్కువ, జింకకి సరిపోయే బలం. అందుకే ఇప్పటికీ కొత్త వేటగాళ్లకి చెప్పే పేర్లలో అది ఉంటుంది.

పక్షుల వేటకి షాట్‌గన్ వేరే కథ. 12 గేజ్ అంటే ఏంటో తెలుసా? ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు 12 కలిపితే ఒక పౌండు బరువు. 20 గేజ్‌లో 20 గుండ్లు పౌండు. అంటే నంబర్ పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది! చాలామంది తండ్రులు ఇంకా సన్నదైన .410 పిల్లలకి కొనిస్తారు, చిన్నది కదా అని. కానీ దాంట్లో గుళ్లు చాలా తక్కువ. ఎగిరే పక్షిని దాంతో కొట్టడం ఆరితేరినవాళ్లకే కష్టం. పిల్లాడు పది సార్లు మిస్ అయ్యి విసిగిపోతాడు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు 20 గేజ్ వైపు మొగ్గుతారు. అంటే మరీ చిన్నదైనా తప్పే. తన్నకూడదు, కానీ గురి కుదిరితే తగలాలి కూడా. ఇంకోటి, తుపాకీ బట్ మన చేతి పొడవుకి సరిపోవాలి. మన రెండు కళ్లలో ఏది బలమైనదో ముందే చూసుకోవాలి. కుడిచేతి వాళ్లలో కూడా ఎడమ కన్ను బలంగా ఉండేవాళ్లు ఉంటారు.

ఇన్ని చావులు, గాయాలు చూశాక 1949లో న్యూయార్క్ రాష్ట్రం కొత్త వేటగాళ్లకి ట్రైనింగ్ తప్పనిసరి చేసింది. తర్వాత మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. ముందు క్లాసు, తర్వాతే లైసెన్సు.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. హెచ్ వన్ బీ, ఎఫ్ వన్ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. 1998 నుంచి ఉన్న రూల్ ఇది. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు చేతిలో ఉండటం. గ్రీన్ కార్డ్ వాళ్లకి ఈ అడ్డు లేదు. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి కాబట్టి ఫ్రెండ్ చెప్పాడనో, నా వీడియో చూశాననో కొనేయకండి. లాయర్‌ని అడగండి. ఒక్క కేసు పడితే వీసా, ఉద్యోగం రెండూ పోతాయి.

మరి ఇండియాలో? 1878లో వైస్రాయ్ లిట్టన్ కాలంలో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయులకి లైసెన్సు తప్పనిసరి చేసింది, యూరోపియన్లకి మినహాయింపు ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త చట్టం వచ్చింది, లైసెన్సు మాత్రం అందరికీ ఉండాల్సిందే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో సరదా వేట ముగిసింది. కాబట్టి ఇక్కడ కొత్తవాడి మొదటి తుపాకీ ఎయిర్ రైఫిల్ లేదా ఎయిర్ పిస్టల్. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం .177, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటని, 20 జూళ్లకి మించని వాటికి లైసెన్సు అక్కర్లేదు. వాటితో పక్షుల్ని కొట్టడం మాత్రం సరదా కాదు, కేసు.

అలాగని దాన్ని చిన్నచూపు చూడకండి. 1984 లాస్ ఏంజెలెస్ నుంచి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఒలింపిక్ ఈవెంట్. మధ్యలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటర్. 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం, రెండూ అందులోనే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో ప్యారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్లింది.

నేర్చుకోవాలని ఉంటే కొనకముందే దగ్గర్లోని రేంజ్‌కి వెళ్లండి. అక్కడి తుపాకీతో, కోచ్ పక్కన ఉండగా ఒక వంద పెల్లెట్లు కాల్చి చూడండి. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో మీ కళ్లు తెరిచే ఉన్నాయా లేదా, ఆ ఒక్కటి గమనించండి. ఏది కొనాలో ఆ తర్వాత కోచ్‌ని అడగండి.