సంఘములో ప్రశ్నోత్తరములు, యౌవనుల క్విజ్ రాత్రి

మన అధ్యక్ష మండలము నూరేండ్ల పండుగ జరుపుకొనుచున్న ఈ తరుణములో గుడులను గూర్చి, బడులను గూర్చి, ఆసుపత్రులను గూర్చి వ్రాయువారు అనేకులు కలరు. యౌవన సంఘములు తమ ఖర్చులకు డబ్బు ఎట్లు కూర్చుకొన్నవో వ్రాయువారు తక్కువ. ఈ మధ్య పలు సంఘములలో యౌవనస్థులు టిక్కెట్టు పెట్టి క్విజ్ రాత్రి జరుపుచున్నారు. “గుడి ఆవరణలో ఈ ఆట ఏమిటి?” అని కొందరు పెద్దలు అడుగుచున్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలెనంటే కొంచెము వెనుకకు వెళ్లవలసి యున్నది.

మన దేశములో అందరికీ తలుపు తెరచి జరిపిన మొదటి క్విజ్ పోటీ 1967లో జరిగినది. ఏ కాలేజీలోనో, ఏ క్లబ్బులోనో కాదు. కలకత్తాలో క్రైస్ట్ ద కింగ్ అను రోమన్ కతోలిక దేవాలయపు పారిష్ హాలులో జరిగినది. నడిపినవారు నీల్ ఓబ్రయన్ గారు. ఆయన ఆంగ్లో ఇండియన్, పుస్తక ప్రచురణ రంగములో పెద్ద ఉద్యోగము చేసినవారు, తరువాత లోక్‌సభ సభ్యులైనవారు. 1972లో బోర్న్‌వీటా క్విజ్ రేడియోలోనికి వచ్చినది. మొదట హమీద్ సయానీ గారు, 1975లో ఆయన మరణించిన పిమ్మట తమ్ముడు అమీన్ సయానీ గారు దానిని నడిపిరి. మన హైదరాబాదులో కె సర్కిల్ అను క్విజ్ సంఘము కూడా 1972 నాటిదే. 1985లో సిద్ధార్థ బసు గారి క్విజ్ టైమ్ దూరదర్శన్‌లో వచ్చిన నాటికి ఆ మాట పల్లె కుర్రవాళ్ల నోటికి కూడా అలవాటైనది. కాబట్టి క్విజ్‌ను మనము బయట నుండి గుడిలోనికి తెచ్చినామనుట సరికాదు. అది గుడి హాలులో నుండే బయటికి పోయినది!

ఇక ప్రశ్న అడిగి జవాబు రాబట్టు పద్ధతి ఇంకను పాతది. 1529లో మార్టిన్ లూథర్ గారు చిన్న ప్రశ్నోత్తరిని ప్రచురించిరి. ఇంటి యజమాని తన బిడ్డలను, పనివారిని కూర్చుండబెట్టుకొని అడుగుటకు దానిని వ్రాసిరి. 1842లో హయ్యర్ అయ్యగారు గుంటూరు వచ్చి లూథరన్ మిషను ప్రారంభించిరి. 1912 డిసెంబరు 29న అజరయ్యగారు కలకత్తా దేవాలయములో అభిషేకము పొంది, దోర్నకల్‌కు మొదటి అధ్యక్షులుగా వచ్చిరి. ఆంగ్లికన్ సభలో బిషపైన మొదటి భారతీయుడు ఆయనే. ఆ దినములలో మన పల్లెలలో బాప్తిస్మమునకు సిద్ధపడినవారిలో అక్షరము రానివారే ఎక్కువ. పగలంతా పొలము పని. రాత్రి దీపము దగ్గర ఉపదేశి ప్రశ్న అడుగును, వారు జవాబు చెప్పుదురు. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు అట్లే కంఠస్థమైనవి. పుస్తకము పట్టని చేతులకు ఆ ప్రశ్నలే పుస్తకము. అప్పుడు గెలుపు లేదు, బహుమతి లేదు. జవాబు రానివానికి మరునాడు మరల అదే ప్రశ్న.

డబ్బు సంగతి వేరు. పెద్దల అభ్యంతరము నిజమునకు ఇక్కడనే యున్నది. మన తల్లులు వంటకు బియ్యము కొలుచునప్పుడు పిడికెడు తీసి దేవుని కుండలో వేసిరి. కోత పండుగలో గుమ్మడికాయ, కోడి, వడ్ల మూట తెచ్చి బలిపీఠము ఎదుట పెట్టిరి. అది కానుక. టిక్కెట్టు కొని, టీ త్రాగి, నవ్వుకొని ఇంటికి పోవుట కానుక అగునా? కాదనియే నా అభిప్రాయము. దానిని కానుక అని పిలువరాదు, ఆరాధనలో ప్రకటించు కానుకల లెక్కలో కలుపరాదు. అయితే కోత పండుగ నాడు ఆ గుమ్మడికాయనే వేలము వేసి, పది రూపాయల కాయను వందకు పాడినప్పుడు మనమందరము నవ్వలేదా? ఆ సంతోషమును తప్పుపట్టినవారిని నేను చూడలేదు.

పందెము మాట కూడా వినబడుచున్నది. సమ్సోను తన పెండ్లి విందులో విప్పుడు కథ వేసి ముప్పది దుస్తులకు పందెము కట్టెను. ఓడినవాని సొమ్ము గెలిచినవానికి పోవలెను. చివరకు అది ముప్పదిమంది ప్రాణములు తీసినది. షేబదేశపు రాణి కూడా కఠినమైన ప్రశ్నలతోనే సొలొమోను నొద్దకు వచ్చెను గాని, జవాబులు విని సంతోషించి బంగారము, గంధవర్గము, రత్నములు ఇచ్చి వెళ్లెను. మన యౌవనుల క్విజ్ రెండవ దానివలె ఉండవలెను. వసూలైనది గెలిచినవారికి పంచరాదు. బహుమతిగా ఒక పుస్తకమో, ఒక అరటి గెలయో చాలును.

లెక్క కష్టమైనది కాదు. పదిహేను బల్లలు, బల్లకు ఆరుగురు, మనిషికి యాభై రూపాయలు అనుకొందము. నాలుగువేల అయిదువందలు వచ్చును. అందులో టీ, పకోడీల ఖర్చు పోవును. మిగిలినది శిబిరమునకు పోలేని బిడ్డల బస్సు ఛార్జీలకు సరిపోవచ్చును. ఆ బిడ్డలు ఎవరో మాత్రము హాలులో చెప్పరాదు.

నన్ను బాధించు సంగతి మరియొకటి కలదు. ప్రశ్నలన్నియు ఇంగ్లీషులో వేసి, జవాబులు కాగితము మీద వ్రాయమన్నప్పుడు వెనుక బల్లల దగ్గర కూర్చున్న కూలి బిడ్డలు మౌనముగా ఉండిపోవుదురు. నాయనమ్మలు అసలు రారు. ఏ ప్రజల కొరకు నోటిమాటగా ఈ ప్రశ్నోత్తరములు మన పల్లెలకు వచ్చినవో, వారి మనుమలే నోరు మెదపక కూర్చుండుట నాకు సమ్మతము కాదు. ప్రశ్న తెలుగులో చదువవలెను, జవాబు నోటితో చెప్పనియ్యవలెను. ప్రతి బల్ల దగ్గర అరువది దాటిన వారొకరు తప్పక ఉండవలెను, వారికి టిక్కెట్టు వద్దు. ఒక సుత్తు పూర్తిగా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల మీద పెట్టవలెను. పల్లవి వినిపించి, వ్రాసినవారెవరని అడిగినచో, పురుషోత్తమ చౌధరి (1803–1890) గారి పేరు కాలేజీ కుర్రవాని కంటె ముందు ఆ అవ్వయే చెప్పును. అంతటితో ఆగక మిగిలిన చరణములు కూడా పాడును. అప్పుడు మార్కులు వేయువారు గంట కొట్టక, ఆమె ముగించువరకు ఆగవలసి వచ్చును.