ఒకే రేకు, అన్ని రంగులు: ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి కథ

ఇవాళ చెప్పబోయే మనిషి పేరు ప్యారిస్‌లో, న్యూయార్క్‌లో అచ్చుబొమ్మలు వేసేవాళ్లకి బాగా తెలుసు. మన దగ్గర అడిగితే మాత్రం "ఏ కృష్ణారెడ్డి?" అంటారు.

ఆయన చేసిన పని అర్థం కావాలంటే మా బందరు పక్కనున్న పెడన నుంచి మొదలుపెట్టడం తేలిక. అక్కడ కలంకారీ అద్దకం చూశారా? టేకు చెక్క మీద చెక్కిన అచ్చును రంగుకి అద్ది, బట్ట మీద పెట్టి, చేత్తో ఒక దెబ్బ వేస్తారు. నల్ల గీతలకి ఒక అచ్చు, లోపల రంగు నింపడానికి ఇంకో అచ్చు. రంగు మారితే అచ్చు మారాల్సిందే. రెండో అచ్చు వెంట్రుకవాసి జరిగిందా, పువ్వు ఒకచోట, దాని రంగు మరోచోట!

ఎచింగ్‌లో చెక్క బదులు లోహపు రేకు ఉంటుంది. కావలసినచోట యాసిడ్ రేకుని తినేసి పల్లం చేస్తుంది. ఆ పల్లాల్లో సిరా నింపి, పైన తుడిచేసి, తడి కాగితం పరిచి ప్రెస్సులో నొక్కుతారు. పెడన అచ్చులో ఎత్తున్నచోట రంగు పడుతుంది, ఇక్కడ పల్లంలోంచి వస్తుంది. కానీ తంటా ఒకటే. మామూలుగా రంగుకో రేకు కావాలి.

ఈ తంటా తీర్చినవాళ్లలో ముఖ్యుడు మన కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టాడు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివాడు. మద్రాసు కళాక్షేత్రలో పనిచేసి, లండన్ మీదుగా ప్యారిస్ చేరాడు. అక్కడ హేటర్ అనే ఆయన నడిపే అటెలియే 17 అనే వర్క్‌షాపులో, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీతో కలిసి ప్రయోగాలు చేశాడు.

కిటుకు నూనెలో ఉంది. కృష్ణారెడ్డి శిల్పి కూడా. అందుకే రేకుని బొమ్మలా చెక్కి మిట్టలు, పల్లాలు, లోయలు చేశాడు. ఒక సిరాలో నూనె ఎక్కువ కలిపి పల్చన చేస్తే, ఇంకోటి చిక్కగా ఉంచుతారు. గట్టి రోలరు పల్చటి సిరాని మిట్టలకే అంటిస్తుంది. మెత్తటి రోలరు చిక్కటి సిరాని లోతుల్లోకి తీసుకెళ్తుంది. పల్చటి సిరా మీద చిక్కటిది అంటుకోదు కాబట్టి రంగులు దేని చోట అవి నిలబడతాయి. ఒకే రేకు, ప్రెస్సులో ఒకే నొక్కు, అన్ని రంగులూ! దీన్నే విస్కాసిటీ ప్రింటింగ్ అంటారు.

సరే, టెక్నిక్ గొప్పదే. దాంతో ఏం చెప్పాడు? 19వ శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో ఒడిలోన్ రెడోన్ లాంటి సింబలిస్టులు కంటికి కనిపించేదాన్ని కాకుండా మనసులో కదిలేదాన్ని అచ్చువేశారు. కృష్ణారెడ్డి ఆ బృందంలోవాడు కాదు, కాలమూ వేరు. కానీ ఆయన బొమ్మల్లోనూ వస్తువు వెనక ఇంకోటి ఉంటుంది. 1968లో ప్యారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు "డిమాన్‌స్ట్రేటర్స్" చేశాడు. అందులో ఫలానా మనిషి అంటూ ఎవరూ ఉండరు, గుంపే ఒక శక్తిలా నిలబడుతుంది. 1980ల్లో చేసిన "గ్రేట్ క్లౌన్" సర్కస్ జోకర్ బొమ్మ. అదే రేకు నుంచి రంగులు మార్చి మార్చి తీశాడు. ఒకదాంట్లో జోకర్ నవ్విస్తాడు, ఇంకోదాంట్లో గుండె పట్టేస్తాడు.

నాకు పట్టింపున్న విషయం ఇదే. "ప్రింటే కదా, ఒరిజినల్ కాదుగా" అంటుంటాం. ఫోన్‌లో ఫొటో ఫార్వర్డ్ చేసినంత తేలికనుకుంటాం. ఇక్కడ ప్రతి కాగితం కోసం రేకు తుడవాలి, మళ్లీ సిరా పట్టించాలి, మళ్లీ నొక్కాలి. చెయ్యి మారితే బొమ్మ మారుతుంది. పెడనలో అచ్చు కొట్టే చెయ్యీ అంతే. స్క్రీన్ ప్రింట్ బట్టని కలంకారీ అని అంటగడితే, తేడా తెలియక మనం కొనేస్తే, నష్టపోయేది ఆ చెయ్యే.

1972లో పద్మశ్రీ వచ్చింది. 1976లో న్యూయార్క్ వెళ్లి, అక్కడి యూనివర్సిటీలో ఎంతోమందికి ఈ పని నేర్పాడు. 2018లో అక్కడే కన్నుమూశాడు.

వీలైతే ఇవాళే "గ్రేట్ క్లౌన్" వెతికి, రెండు రంగుల ప్రింట్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఈసారి పెడన బట్ట కొనేటప్పుడు అంచు దగ్గర రంగు గీత దాటిందేమో కూడా చూడండి. దాటితే విసుక్కోకండి, అది మనిషి చెయ్యి. ఉంటానండీ.