పాట్రిక్ సార్స్‌ఫీల్డ్: జీవితం, కుటుంబం

పాట్రిక్ సార్స్‌ఫీల్డ్ (మరణం 1693) ఐర్లండ్‌కు చెందిన కాథలిక్ ప్రభువు, అశ్వదళ సేనాని. డబ్లిన్ దగ్గరి లూకన్ వీరి సొంత ఊరు. తల్లి ఆన్ 1641 ఐరిష్ తిరుగుబాటు నాయకుడు రోరీ ఓమోర్ కూతురు. అన్న విలియం మాత్రం ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్‌కు వివాహేతర సంతానమని చెప్పుకునే మేరీని పెళ్లాడాడు. తిరుగుబాటుదారుల రక్తం, రాజుగారి వియ్యం ఒకే ఇంట్లో! మేరీ సోదరుడు మన్మత్ డ్యూక్ 1685లో రెండవ జేమ్స్‌పై తిరగబడితే, పాట్రిక్ రాజు పక్షాన సెడ్జ్‌మూర్‌లో పోరాడి గాయపడ్డాడు.

గద్దెను మూడవ విలియంకు పోగొట్టుకున్న జేమ్స్, దాన్ని తిరిగి గెలిచే యుద్ధానికి 1689లో ఐర్లండ్ చేరినప్పుడు పాట్రిక్ ఆయన వెంటే ఉన్నాడు. క్లాన్రికార్డ్ ఎర్ల్ కూతురు హొనోరా బర్క్‌తో పెళ్లి జరిగిందీ ఈ యుద్ధపు రోజుల్లోనే. ఆమెకు అప్పుడు పదిహేనేళ్ల ప్రాయం. 1690 జూలైలో బాయిన్ నది ఒడ్డున ఓడిన జేమ్స్ ఫ్రాన్స్‌కు వెళ్లిపోయాడు. ఆగస్టులో విలియం, జేమ్స్ పక్షం చేతిలో ఉన్న లిమరిక్ నగరాన్ని ముట్టడించాడు. కోట గోడలు కూల్చే పెద్ద ఫిరంగులు ఇంకా దారిలోనే ఉన్నాయి. సార్స్‌ఫీల్డ్ కొన్ని వందల మంది రౌతులతో రాత్రివేళ చుట్టుదారిన వెళ్లి, బాలినీటీ దగ్గర ఆ ఫిరంగులనూ మందుగుండునూ పేల్చేశాడు. హోగన్ అనే స్థానికుడు దారి చూపాడని చెప్పుకుంటారు. నెలాఖరుకు విలియం ముట్టడి ఎత్తేశాడు. 1691లో జేమ్స్ సార్స్‌ఫీల్డ్‌ను లూకన్ ఎర్ల్‌ను చేశాడు. రాజ్యం లేని రాజు ఇచ్చిన ఆ బిరుదును విలియం పక్షం గుర్తించలేదు.

అదే ఏడు జూలైలో ఆక్రిమ్ యుద్ధంలో ఐరిష్ సేన చితికిపోయింది. అక్టోబరు 3న యుద్ధాన్ని ముగిస్తూ లిమరిక్ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం సార్స్‌ఫీల్డ్ వెంట వేలాది మంది సైనికులు ఫ్రాన్స్‌కు తరలిపోయారు. వీరినే ‘వైల్డ్ గీస్’, అంటే అడవి బాతులు అంటారు. కుటుంబాలనూ తీసుకెళ్లవచ్చని వారికి మాట ఇచ్చారు. కానీ కార్క్ రేవులో ఓడల్లో చోటు చాలక ఎందరో ఆడవాళ్లు, పిల్లలు ఒడ్డునే మిగిలిపోయారు. ఈ వీరగాథలో చెరగని మచ్చ ఇదే.

సార్స్‌ఫీల్డ్ 1693 జూలైలో ఫ్రెంచి సేన తరఫున లాండెన్‌లో పోరాడుతూ తీవ్రంగా గాయపడ్డాడు. ఆ తర్వాత హుయ్ పట్టణంలో కన్నుమూశాడు. ఒక్కగానొక్క కొడుకు జేమ్స్ 1719లో సంతానం లేకుండా చనిపోవడంతో లూకన్ ఎర్ల్ బిరుదు అంతరించింది. లూకన్ భూములు సార్స్‌ఫీల్డ్ అన్న విలియం కూతురు షార్లట్ వైపు చేరాయి. 1795లో ఆమె సంతతివారైన బింగమ్‌లకు అదే పేరుతో కొత్తగా బిరుదు దక్కింది.

హొనోరా 1695లో బెర్విక్ డ్యూక్‌ను పెళ్లాడింది. ఆయన రెండవ జేమ్స్‌కు వివాహేతర సంతానం, లిమరిక్‌లో ఆమె మొదటి భర్తతో కలిసి పోరాడినవాడు. ఆమె 1698లో క్షయతో మరణించింది. బెర్విక్‌కు ఆమె కన్న కొడుకు స్పెయిన్‌లో స్థిరపడ్డాడు. నేటి ఆల్బా డ్యూకులు అతని వంశీకులే.