అచ్చుపనికి కంప్యూటరు నెన్నుకొనుట

అచ్చుపనికై కంప్యూటరు కొనవలెనని కుమారుడో మనుమడో ధనమడుగవచ్చినప్పుడు, ఏ యంత్రము మేలైనదను ప్రశ్న పెద్దలకు కలుగుట సహజము. దీనికి సమాధానము అంగడిలోని ధరల పట్టికకంటె ఈ విద్య పుట్టిన చరిత్రలోనే స్పష్టముగా కానవచ్చునని నా నమ్మకము. ఆ చరిత్రను సంగ్రహముగా మనవి చేసెదను.

పూర్వము అచ్చుకూటములలో సీసపు అక్షరముల నొక్కొక్కటిగా ఏరి పేర్చెడివారు. గుణింతములు, ఒత్తులు గల మన లిపికి కంపోజిటరు కేసులలో వందలకొలది అచ్చులుండవలసివచ్చెడిది. ఆ శ్రమను తప్పించిన మార్పు అమెరికాలో మొదలైనది.

1984 జనవరిలో ఆపిల్ సంస్థ మెకింటాష్ అను కంప్యూటరును వెలువరించెను. దాని తెరపై అంగుళమునకు 72 చుక్కలు. అచ్చుపనివారి పాయింటు కొలతయు అంగుళములో ఇంచుమించు 72వ వంతే. కావున అక్షరము కాగితముపై ఎంతయుండునో తెరపైనను అంతయే కనబడెను. అయినను ఆ యంత్రమొక్కటే అచ్చుపనిని మార్చలేదు. 1985లో మరి రెండు దానితో కూడినవి. మొదటిది అంగుళమునకు 300 చుక్కలతో ముద్రించు లేజర్‌రైటర్ ప్రింటరు. జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ 1982లో స్థాపించిన అడోబీ సంస్థవారి పోస్ట్‌స్క్రిప్ట్ దానికి ప్రాణము. రెండవది, పుటను తెరమీదనే తీర్చుటకు పాల్ బ్రైనెర్డ్ స్థాపించిన ఆల్డస్ సంస్థవారి పేజ్‌మేకర్. మెకింటాష్ తొలి వెల 2,495 డాలర్లు. ప్రింటరు వెల 6,995 డాలర్లు! మనవారు డి.టి.పి. యని పిలుచు విద్య ఈ మూటి కలయికనుండి పుట్టినది.

దీనినుండి రెండు సంగతులు గ్రహింపవచ్చును. కంప్యూటరు, సాఫ్టువేరు, ప్రింటరు ఒకదానికొకటి అమరినగాని పని సాగదు. ధనమంతయు పెట్టెమీదనే వెచ్చించుట తగదు. నేటి బొమ్మల పనికి 16 గిగాబైట్ల మెమొరీ ఉండుట మంచిది. మిగిలిన సొమ్ము రంగులను సరిగా చూపు తెరకు వినియోగింపవలెను. తెర వెలుగుతో రంగు చూపును, కాగితము సిరాతో చూపును. ఈ భేదము నెరుగక అచ్చువేసినచో పెండ్లిపత్రికలోని ఎరుపు వెలవెలబోవును.

రెండవ సంగతి మన భాషకు సంబంధించినది. తొలిదినముల తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపముల నుంచినవి. కంప్యూటరు ఇంగ్లీషు అక్షరమనుకొనును, మనకు తెలుగు కనబడును. ఆ ఫాంటు లేని యంత్రములో అదే పుట అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపగును. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగునకు ప్రత్యేకముగా 128 స్థానములను కేటాయించెను. అట్లు వ్రాసినది ఒక ఫాంటును నమ్ముకొని యుండదు. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ ఏడవ కూర్పే దానికి కడపటిది. కాని దానిలో పాత ఫాంట్లతో కూర్చిన గ్రామచరిత్రలు, వంశావళులు, దేవాలయ చరిత్రలు నేటికిని పాత డిస్కులలో నున్నవి. ఆ యంత్రములు చెడిపోకమునుపే వానిని యూనికోడ్‌లోనికి మార్పించి, ఒక ప్రతి కాగితముపైనను ఉంచుకొనవలెను.

కావున ధనమిచ్చుటకుముందు ఆ కుర్రవానినడుగుడు: ఏ ప్రింటరుపై అచ్చువేసెదవు? రంగు నెట్లు సరిచూచెదవు? మన తెలుగును యూనికోడ్‌లో దాచెదవా? ఈ మూటికిని సరియైన సమాధానము చెప్పగలవాడు యంత్రమును తానే చక్కగా ఎన్నుకొనగలడు.