లక్క ప్లేట్లలోని తెలుగు నుడి

తెలుగునాటి వెలుపల తరతరములుగా నివసించుచున్న మన వారి చరిత్రకు శాసనములు కలవు, తాళపత్రములు కలవు, భూముల దస్తావేజులు కలవు. ఇవన్నియు వ్రాతలు. వ్రాత వలన నుడికారము తెలియును గాని గొంతు తెలియదు. ఇరువదవ శతాబ్ది తొలిపాదమున చెన్నపట్టణమునను, మైసూరు సీమలోను తెలుగు మాట ఎట్లు పలుకబడెనో చెవులార వినవలెనన్నచో మనకు ప్రధానాధారము గ్రామఫోను ప్లేటు. దీనిని వట్టి వినోదసామగ్రిగా నెంచి చరిత్రకారులు ప్రక్కకు నెట్టుట నాకు సమంజసముగా తోచదు.

మన దేశమున కంపెనీవారు వాణిజ్యార్థము పాటలను ప్లేట్లకెక్కించుట 1902 నవంబరులో కలకత్తా నగరమున మొదలైనది. గ్రామఫోను కంపెనీ పక్షమున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ గౌహర్‌జాన్ మున్నగువారి గానమును అప్పుడు పట్టెను. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారము వెలయు వరకు మన ప్లేట్లు విదేశములలో అచ్చయి ఓడలలో వచ్చెడివి. దక్షిణదేశ గాయకుల వంతు అచిరకాలముననే వచ్చినది. ఆ ప్లేట్లపై తెలుగు పాడినవారిలో పెక్కురు తెలుగునాటివారు కారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1878లో నంజనగూడు ప్రాంతమున జన్మించినది. ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ను 1910లో పరిష్కరించి ప్రకటించిన విదుషీమణి ఆమెయే. వీణ ధనమ్మాళ్ (1867–1938) చెన్నపట్టణ నివాసిని. క్షేత్రయ్య పదములకు ఆమె ఇల్లు గురుపీఠము. ఆమె వార్ధక్యమున, 1932లో, కొలంబియా కంపెనీవారు కొన్నిటిని ప్లేట్లపై నిలిపిరి. ఇట్టివారి గొంతులలో తెలుగు పొరుగు భాషగా గాక సొంత సొమ్ముగా వినవచ్చును.

అయితే ఒక హెచ్చరిక అవసరము. గాయని ఉచ్చారణము ఇంటి నుడి కాదు. అది గురుముఖమున వచ్చినది. అందలి దీర్ఘములు తాళమునకు లొంగును. కనుక ప్లేటు విని ‘ఆనాటి అరవనాటి తెలుగు ఇట్టిది’ అని తీర్మానించుట తొందరపాటు. ఒత్తక్షరములు ఎంతవరకు నిలిచినవి, లళలు నణలు ఎట్లు వేరుపడినవి అను ప్రశ్నల వరకు మాత్రము అవి నమ్మదగిన సాక్షులు.

ఈ సాక్షులను పలికించుట ఎట్లు? నాటి ప్లేటు లక్కతోను, మెత్తని రాతిపొడితోను చేసినది. పది అంగుళముల ప్లేటు ఒక ప్రక్కకు సుమారు మూడు నిమిషములు పాడును. పిమ్మట వచ్చిన వినైలు ప్లేట్లకు తగిన సూది కొన యంగుళములో వేయవవంతు ప్రమాణముది. లక్క ప్లేటు గాడి వెడల్పు గనుక దాదాపు మూడింతల కొన కావలెను. సన్న సూది గాడి అడుగున పడి గరగరను మాత్రమే వినిపించును. ప్లేటును స్వేదనజలముతో, ఇంచుక మృదువైన సబ్బునీటితో, నడుమనున్న కాగితము తడియకుండ తుడువవచ్చును. స్పిరిటు తగులనీయరాదు, లక్క కరగును. వినైలు ప్లేటుకు పనికివచ్చు ద్రావకమును దీనికి వాడి, గాడులతో పాటు పాటను కూడ పోగొట్టుకొన్నవారు కలరు.

పిదప వేగము. నిమిషమునకు 78 చుట్లు అనుమాట తొలినాళ్ళలో పేరుకు మాత్రమే. 72 చుట్లకు పట్టినదానిని 78కి త్రిప్పినచో శ్రుతి ఒక స్వరస్థానమునకు మించి హెచ్చును. నడివయసు విదుషి గొంతు బాలిక గొంతగును. కంప్యూటరులో దీనిని సరిదిద్దుట సులభమే గాని, గాయని అసలు శ్రుతి ఏదో నిర్ణయించుటకు సంగీతజ్ఞుని చెవి కావలెను.

అన్నిటికంటె చిక్కైనది రొదను తొలగించుట. టపటపమను చప్పుడును గుర్తించి, ముందువెనుకల ధ్వనిని బట్టి ఆ ఖాళీని పూరించు సాధనములు నేడు సమర్థముగా పనిచేయుచున్నవి. నిరంతరముగా సాగు బుసబుస ధ్వని సంగతి వేరు. మన స, శ, ష లును ఆ యెత్తు స్థాయిలోని ధ్వనులే. 1925లో విద్యుత్పద్ధతి వచ్చుటకు ముందు బాకాలోనికి పాడిన ప్లేట్లలో అవి అసలే అరకొర. రొదతోపాటు వానినిగూడ కోసివేసినచో పాట నునుపుగా నుండును, మాట మాత్రము పోవును. నేను తరగతిలో ఇట్టి నునుపు ప్రతిని వినిపింపగా, ఇంట తెలుగు మాటలాడియు బడిలో తమిళ, ఆంగ్లములనే ఎక్కువగా చదువు మా పిల్లలకు సగము మాటలు తెలియలేదు. రొదగల ప్రతిని వినిపింపగా ముఖములు చిట్లించియు మాటలు చెప్పగలిగిరి. ధ్వని భాండాగారముల అంతర్జాతీయ సంఘము, సెకనుకు 96,000 నమూనాలతో, 24 బిట్ల ప్రమాణమున, ఏ మార్పును చేయని మూలప్రతిని ముందు భద్రపరుపుమని చెప్పుట ఇందులకే. వినోదమునకు వేరు ప్రతి చేసికొనవచ్చును.

1990లో బొంబాయిలో ఏర్పడిన భారతీయ రికార్డు సేకర్తల సంఘము, బ్రిటిషు లైబ్రరీ సహాయముతో యంగిండియా, ఓడియన్ ముద్రల ప్లేట్లను ఇట్లు అంకరూపమున భద్రపరచినది. మనవారి ఇండ్లలోని ప్లేట్ల జాబితా మాత్రము మనమే వ్రాయవలెను. బళ్ళారి 1953లో మైసూరు రాష్ట్రమున చేరినను, ధర్మవరము రామకృష్ణమాచార్యుల, రాఘవల నాటక సంప్రదాయము పెరిగిన ఊరు అది. అట్టిచోట అటకలు వెదకదగినవి. జాబితాలో గాయకుని పేరొక్కటియే చాలదు. నడిమి కాగితమునకు, గాడులకు మధ్య నున్న లక్కపై చెక్కిన సంఖ్యలను తప్పక ఎక్కించుకొనవలెను. కాగితము చిరిగినను అవి నిలుచును, వాని వలననే ప్లేటు ఏనాటిదో తేలును. పగిలిన ముక్కలను పారవేయరాదు. సూది తాకకుండ గాడులను ఛాయాచిత్రముగా తీసి ధ్వనిని రాబట్టు యంత్రము అమెరికాలోని బర్కిలీ ప్రయోగశాలలో ఇప్పటికే నిర్మితమైనది.