సూరత్‌లో చలికాలపు జియోక్యాషింగ్ పోటీ: డబ్బా ఎక్కడ దాచాలి, ఎక్కడ దాచకూడదు

జియోక్యాషింగ్ అంటే అక్షాంశ రేఖాంశాలతో ఆడే దాగుడుమూతలు. ఒకరు చిన్న డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటి జీపీఎస్ అంకెలు ప్రకటిస్తారు. ఇంకొకరు ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లి, డబ్బా తెరిచి, లోపలి చిన్న పుస్తకంలో పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టేస్తారు. ఇక్కడ క్యాష్ అంటే డబ్బు కాదు, దాచిపెట్టిన వస్తువు. గందరగోళం లేకుండా మనం డబ్బా అనే అనుకుందాం.

ఈ ఆటకు పుట్టినరోజు ఉంది. పౌరులకు అందే జీపీఎస్ సంకేతాల్లో అమెరికా ప్రభుత్వం కావాలనే కలిపిన తప్పును 2000 మే 2న తీసేసింది. అప్పటిదాకా వంద మీటర్ల వరకూ అటూ ఇటూ చూపించిన పరికరాలు ఒక్క రాత్రిలో చాలా కచ్చితంగా మారాయి. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఓరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్‌ను సగం పూడ్చిపెట్టి, దాని అంకెలను ఇంటర్నెట్‌లో పెట్టాడు. తమాషా ఏమిటంటే, ఇప్పటి నియమాల ప్రకారం ఆ మొట్టమొదటి డబ్బాకు అనుమతి దొరకదు. డబ్బా పెట్టడానికి నేల తవ్వకూడదు. అదే ఏడాది సెప్టెంబరులో మొదలైన జియోక్యాషింగ్ డాట్ కామ్ జాబితాలో నేడు ప్రపంచమంతటా 30 లక్షలకు పైగా డబ్బాలున్నాయి.

యూరప్, కెనడాల్లో చలికాలపు పోటీ అంటే మంచుతో పోటీ. మంచు కప్పేసినా చేతికందే డబ్బాలకు జాబితాలో ప్రత్యేకమైన గుర్తు కూడా ఉంటుంది. సూరత్‌లో లెక్క తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, ఆపైన ఉక్కపోత, మార్చి దాటితే ఎండ. నాలుగైదు గంటలు వీధుల్లో హాయిగా తిరగాలంటే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకానే వీలు. జనవరి తెల్లవారుజామున సుమారు 15 డిగ్రీలు, మధ్యాహ్నానికి 30. సూర్యోదయం ఏడుంబావు ప్రాంతంలో. ఎనిమిదికి మొదలుపెట్టి ఒంటిగంటకు ముగిస్తే ఎవరికీ ఎండ తగలదు.

వాతావరణం ఇంత అనుకూలం. అసలు చిక్కు డబ్బాతోనే ఉంది.

2008 జూలై జ్ఞాపకం

2008 జూలై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరిగాయి. ఆ తర్వాతి రోజుల్లో సూరత్‌లో చెట్ల మీద, హోర్డింగుల వెనక, రద్దీ వీధుల్లో పేలని బాంబులు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. పాతికకు పైనే దొరికాయి. వాటిలో ఎక్కువ వరాఛా ప్రాంతంలోవే. ఏ చెట్టు చూసినా, ఏ సంచీ చూసినా జనం ఉలిక్కిపడిన వారం అది. గోకుల్ చాట్, లుంబినీ పార్క్, దిల్‌సుఖ్‌నగర్ చూసిన హైదరాబాదీలకు ఈ భయం గురించి విడమరచి చెప్పక్కర్లేదు.

అలాంటి ఊళ్లో ఒక మనిషి అటూ ఇటూ చూసి, కరెంటు స్తంభం వెనక డబ్బా పెట్టి వెళ్లిపోతే చూసినవాళ్లు ఏమనుకుంటారు? ఇది సూరత్‌కే పరిమితమైన సమస్య కాదు. 2011 జూలైలో ఇంగ్లండ్‌లోని వెదర్‌బీ అనే చిన్న పట్టణంలో ఇలా పెట్టిన ప్లాస్టిక్ డబ్బాను చూసి భయపడి పోలీసులకు ఫోన్ చేశారు. వీధి ఖాళీ చేయించి, సైన్యపు బాంబు నిర్వీర్య దళం వచ్చి ఆ డబ్బాను పేల్చేసింది. లోపల ఉన్నది ఆటవస్తువులే.

కాబట్టి సూరత్‌లో పోటీ పెట్టేవారు మొదట తేల్చుకోవాల్సింది ఎన్ని డబ్బాలు దాచాలన్నది కాదు, ఎన్ని చోట్ల డబ్బా లేకుండా ఆట నడపొచ్చన్నది. ఆటలోనే దీనికి దారి ఉంది. కొన్ని చోట్ల డబ్బా ఉండదు. అక్కడికి వెళ్లి, కళ్లెదుట కనిపించేదాన్ని గమనించి ఒక ప్రశ్నకు జవాబు రాయాలి. నా లెక్కలో పదిహేను చోట్లకు డబ్బాలు ఐదుకు మించకూడదు. ఆ ఐదూ పారదర్శకమైన ప్లాస్టిక్‌వే కావాలి. పైన గుజరాతీ, హిందీల్లో ఇది ఆట సామాను అని, నిర్వాహకుల ఫోన్ నంబరు రాసి ఉండాలి. స్థల యజమాని అనుమతి కాగితం మీద ఉండాలి. ప్రతి డబ్బా ఫొటో, దాని చోటు, పెట్టే సమయం, తీసే సమయం ఉన్న జాబితా ముందుగానే ఆ ప్రాంతపు పోలీస్ స్టేషన్‌కూ, నగరపాలక సంస్థ జోనల్ కార్యాలయానికీ చేరాలి. పక్కనున్న పాన్‌షాపు అతనికి, వాచ్‌మన్‌కు చెప్పడం కూడా అంతే అవసరం. పోలీసులకు ఫోన్ చేసేది వాళ్లే మరి.

ఏ చోట్లు

మహిధర్‌పురా వజ్రాల బజారును జాబితాలోంచి మొదటే కొట్టేయాలి. అక్కడ దళారులు కాగితపు పొట్లాల్లో వజ్రాలు పెట్టుకుని వీధిలోనే బేరాలాడతారు. కొత్త మనిషి గోడ సందుల్లో చెయ్యి పెడితే ఊరుకోరు. రైలు పట్టాలు, బడులు, హజీరా పరిశ్రమలు, విమానాశ్రయం పరిసరాలు సరేసరి. డుమస్ బీచ్ అందరికీ గుర్తొచ్చే చోటే. కానీ ఖంభాత్ సింధుశాఖ దగ్గర ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. పొద్దున ఇసుకలో పెట్టిన డబ్బా మధ్యాహ్నానికి సముద్రంలో ఉంటుంది. గవియర్ చెరువుకు చలికాలంలో వలసపక్షులు వస్తాయి. అక్కడ ప్రశ్నలే అడగాలి, అవీ నడకదారి దిగకుండా జవాబు దొరికేవి.

నిజమైన సంపద పాత నగరంలో ఉంది. తాపీ ఒడ్డున 16వ శతాబ్దపు కోట, 1644 నాటి మొగల్‌సరాయిలోనే నడుస్తున్న నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయం, 1850లో మొదలైన ఆండ్రూస్ లైబ్రరీ, గోపీ తలావ్ అన్నీ కాలినడకన చుట్టి రావచ్చు. కతార్‌గాం వైపు వెళ్తే డచ్చి, ఇంగ్లిషు సమాధులున్నాయి. మచిలీపట్నంలో డచ్చి సమాధులు చూసిన తెలుగువారు ఇక్కడివి చూసి ఆశ్చర్యపోతారు. ఎవరి గోరీ పెద్దదన్న పంతంతో కట్టినట్టుంటాయి, గుమ్మటాలూ మంటపాలతో. మలబారు మొక్కల గురించి 12 సంపుటాల హోర్టస్ మలబారికస్ వెలువరించిన డచ్చి అధికారి వాన్ రీడ్ సమాధి ఇక్కడే ఉంది. ఆయన 1691 డిసెంబరులో సూరత్‌కు వస్తూ సముద్రం మీదే చనిపోయాడు. 1, 6, 9, 1 అంకెలతో తర్వాతి చోటి అక్షాంశం తేల్చమంటే మంచి ప్రశ్న తయారవుతుంది.

అయితే ఇవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. వీటిని పాడుచేస్తే రెండేళ్ల వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా పడొచ్చు. రాళ్ల సందులో డబ్బా దూర్చడం, టేపు అంటించడం కుదరదు. ఇక్కడ కళ్లకే పని, చేతులకు కాదు.

తేదీ

సంక్రాంతి సెలవులు కలిసొస్తాయి కదా అని జనవరి 14కు దగ్గరగా పోటీ పెడితే అంతకన్నా పొరపాటు లేదు. ఉత్తరాయణం నాడు సూరత్ మొత్తం డాబాల మీదే ఉంటుంది. చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా, ఏటా ద్విచక్రవాహనదారుల మెడలు తెగుతూనే ఉన్నాయి. పండుగకు వారం ముందు నుంచీ చెట్ల కొమ్మలకు, స్తంభాలకు దారాలు వేలాడుతుంటాయి. చేతులు పెట్టి వెతికే ఆటకు అదీ ప్రమాదమే. జనవరి 26 చుట్టూ భద్రత గట్టిగా ఉంటుంది. డిసెంబరులో రెండు, మూడు ఆదివారాలు, లేదంటే ఫిబ్రవరి మొదటి ఆదివారం మేలు. డిసెంబరైతే పోంక్ కూడా దొరుకుతుంది. మన ఊచబియ్యమే, లేత జొన్న కంకులు కాల్చి రాల్చినవి. ముగింపు స్థలం నదికి అవతల అడాజణ్ వైపు పెట్టుకుంటే, ఓడిన జట్లు కూడా చివరిదాకా వస్తాయి.

అంకెలు, ఆధారాలు

పోటీలు ఎక్కువగా చెడేది అంకెల దగ్గరే. 21.170 డిగ్రీలు అంటే 21 డిగ్రీల 10.2 నిమిషాలు. దాన్నే ఎవరైనా 21 డిగ్రీల 17.0 నిమిషాలు అని చదువుకుంటే పన్నెండున్నర కిలోమీటర్లు ఉత్తరాన తేలతారు. జట్లన్నిటికీ ఒకే రూపంలో, ఒక నమూనాతో సహా ఇవ్వాలి. ఆరుబయట ఫోన్ దాదాపు ఐదు మీటర్ల తేడాతో చోటు చూపిస్తుంది. పాత నగరపు ఇరుకు సందుల్లో సంకేతాలు గోడలకు తగిలి చెదిరిపోతాయి కాబట్టి అంత నమ్మకం పనికిరాదు. మూడు వేర్వేరు రోజుల్లో, రెండు మూడు ఫోన్లతో అంకెలు తీసి సగటు కట్టాలి. ఆ పైన ఒక మాట ఆధారం ఇవ్వాలి. అధికారిక జాబితాలో రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలన్న నియమాన్ని ఇక్కడా పాటిస్తే ఒకరి వేట ఇంకొకరి వేటలో కలవదు. ఒక రోజు పోటీకి పెట్టే డబ్బాలను ఆ జాబితాలో చేర్చే ప్రయత్నం మాత్రం వద్దు. అక్కడి డబ్బా కనీసం మూడు నెలలు ఉండాలి, చూసుకునే మనిషి ఊళ్లోనే ఉండాలి.

విదేశాల నుంచి డిసెంబరు సెలవులకు వచ్చే బంధువులను ఆటకు పిలిస్తే ఒక మాట చెప్పండి. మామూలు జీపీఎస్ పరికరం వేరు, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం వేరు. రెండోది టెలికాం శాఖ అనుమతి లేకుండా తెస్తే విమానాశ్రయంలోనే ఇబ్బంది పడతారు.

ఆధారాల భాష మీద నిర్వాహకులు ఎక్కువ సమయం పెట్టాలి. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిషులతో పాటు తెలుగు మాధ్యమమూ ఉంది. ఇంగ్లిషులో పొడుపుకథ రాసి మిగతా భాషల్లోకి దించితే శ్లేష పోతుంది, పొడుపు విడిపోతుంది, లేదా ఎప్పటికీ విడిపోదు. ప్రతి భాషలో ఆ భాష పిల్లలే విడిగా పొడుపు కట్టాలి. లింబాయత్ బడి పిల్లలు కట్టిన తెలుగు పొడుపుకు సూరత్ వీధుల్లో జవాబు వెతకడం, నా మటుకు నాకు, ఈ పోటీకి ఉన్న అసలు ఆకర్షణ.

మార్కులు, మరుసటి ఏడాది

ప్రతి చోటుకూ వెతకడంలో కష్టం, చేరుకోవడంలో కష్టం అని 1 నుంచి 5 దాకా రెండు కొలతలు ఇస్తారు. చక్రాల కుర్చీలో వెళ్లగలిగితేనే రెండో కొలత 1. రెండూ కలిపితే మార్కులు. ముందుగా చేరినవారికి అదనపు మార్కులు ఇవ్వకూడదు. ఇస్తే బైకులు దూసుకుపోతాయి. నడక, సిటీలింక్ బస్సు మాత్రమే అంటే సరి. సాక్ష్యంగా ఫొటో అడిగితే అది రెండు నిమిషాల్లో వాట్సాప్‌లో తిరుగుతుంది. ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో 1854 నుంచీ నడుస్తున్న లెటర్‌బాక్సింగ్ ఆటలోలా, ప్రతి డబ్బాలో ఒక రబ్బరు ముద్ర పెట్టి, జట్టు కార్డు మీద వేయించుకోవడం మేలు.

వచ్చే ఏడాది పోటీ బాగుపడాలంటే గెలిచిన జట్టు కార్డు కన్నా, దొరకలేదు అని రాసిన కాగితాలు ఎక్కువ పనికొస్తాయి. ఒక చోట ఇరవై జట్లు వెతికి ఒక్కరికీ దొరకకపోతే పొడుపు కఠినం కాదు, అంకెలు తప్పు. అందరికీ రెండు నిమిషాల్లో దొరికితే మార్కులు తగ్గించాలి. వెతికినవారెందరు, కనిపెట్టినవారెందరు, ఎన్ని నిమిషాలు పట్టింది, ఎవరు అభ్యంతరం చెప్పారు అన్న నాలుగు వరుసలు ప్రతి చోటుకూ రాసుకుంటే చాలు. అభ్యంతరం వచ్చిన చోటును మళ్లీ వాడకూడదు, ఎంత బాగున్నా సరే.

ఒంటిగంటకు డబ్బాలు వెనక్కి తీసుకోవడం ఇద్దరి పని. ఒకరు తీయాలి, ఒకరు జాబితాలో కొట్టేయాలి. ఐదూ సంచిలోకి చేరాక స్టేషన్‌కు ఫోన్ చేసి అన్నీ తీసేశామని చెప్పాలి. బహుమతులు ఇచ్చేది ఆ ఫోన్ తర్వాతే.